ఒక్క మ్యాచ్‌తో ముగిసే ఏడాది: అనంతపురంలో పిల్లల ఫుట్‌బాల్ లీగ్ ఎలా ఉండాలి

పదహారు జట్లతో నాకౌట్ టోర్నమెంట్ పెడితే మొత్తం జరిగేవి 15 మ్యాచ్‌లు. మొదటి రౌండ్ పూర్తయ్యేసరికి ఎనిమిది జట్లు ఒక్క మ్యాచ్ ఆడి ఇంటిదారి పడతాయి. మరో నాలుగు రెండో మ్యాచ్‌తో ఆగిపోతాయి. నాలుగు మ్యాచ్‌లు ఆడే భాగ్యం ఫైనల్‌కు చేరిన రెండు జట్లకే దక్కుతుంది. రాయదుర్గం నుంచో మడకశిర నుంచో తెల్లవారుజామున బస్సెక్కి అనంతపురం వచ్చిన పిల్లలు నలభై నిమిషాలు ఆడి, ఒక గోలు తేడాతో ఓడి, మధ్యాహ్నం బస్సులో వెనక్కి వెళ్లిపోతారు. చాలామందికి ఆ ఏడాది పోటీ ఫుట్‌బాల్ అంతటితో సరి.

అదే పదహారు జట్లను ఎనిమిదేసి చొప్పున రెండు లీగ్‌లుగా విడదీస్తే ప్రతి జట్టూ ఏడు మ్యాచ్‌లు ఆడుతుంది. మొత్తం 56 మ్యాచ్‌లు. నాకౌట్‌లో బలహీనమైన జట్టు అందరికన్నా తక్కువ ఆడుతుంది, బలమైన జట్టు అందరికన్నా ఎక్కువ ఆడుతుంది. నేర్చుకోవలసిన అవసరం ఎవరికి ఎక్కువో వారినే ముందుగా బయటికి పంపే పద్ధతి ఇది. పెద్దల పోటీలో దీనికి తప్పు పట్టనక్కరలేదు. పదేళ్ల పిల్లల విషయంలో మాత్రం ఇది పూర్తిగా తలకిందులైన ఏర్పాటు.

అయినా నాకౌట్ పోటీలే ఎందుకు ఎక్కువ? నిర్వాహకులకు అవి సులువు. రెండు రోజుల్లో ముగుస్తాయి, ముఖ్య అతిథి దొరుకుతాడు, కప్పు చేతికిచ్చే ఫోటో పత్రికలో వస్తుంది, దాతకు తృప్తి మిగులుతుంది. పాఠశాల క్రీడల చట్రమూ ఇదే అలవాటు చేసింది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్ 14, 17, 19 విభాగాల్లో మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి మెట్టుమెట్టుగా సాగుతాయి. వాటి పని ఎంపిక, ఆ పనికి అవి సరిపోతాయి. కానీ ఎంపిక చేసుకోవడానికి ముందు ఆటగాళ్లు తయారవ్వాలి కదా! ఆ తయారీ జరగవలసిన చోటు లీగ్. ఏడాదిలో చాలా వారాలపాటు క్రమం తప్పకుండా, ఓడినా గెలిచినా మళ్లీ వచ్చే ఆదివారం ఆట ఉంటుందన్న హామీతో సాగే లీగ్.

నియమావళే మొదటి కోచ్

ఈ జిల్లాలో పిల్లల ఫుట్‌బాల్‌కు పునాది లేదనడం అన్యాయం. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, అందరూ ఆర్డీటీ అని పిలిచే సంస్థ, అనంతపురం పక్కనే క్రీడాగ్రామాన్ని కట్టింది. 2010లో రఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ పాఠశాల మొదలైందీ అక్కడే, 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగిందీ అక్కడే. స్పెయిన్‌కు చెందిన లా లీగా సహకారంతో ఆ సంస్థ పల్లెల్లోని బాలబాలికలకు ఫుట్‌బాల్ నేర్పుతోంది, లీగ్ పోటీలూ నడుపుతోంది. పక్కన కడపలో పుట్లంపల్లి దగ్గర ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది గానీ, అది ఎంపికైన పిల్లల కోసం. ఎంపిక కాని పిల్లలకు ఆట చేరవేయడంలో అనంతపురానికి రాయలసీమలోనే ఎక్కువ అనుభవం ఉంది.

అయినా ఒక సంస్థ ఎంత చేసినా ప్రతి మండలంలో శిక్షణ పొందిన కోచ్‌ను నిలబెట్టలేదు. ఉన్నత పాఠశాలలో ఉండే వ్యాయామ ఉపాధ్యాయుడు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, అథ్లెటిక్స్ అన్నీ తానే చూసుకోవాలి. కోచ్‌లు తక్కువగా ఉన్న చోట పిల్లలకు నేర్పే భారం ఎక్కువగా లీగ్ నియమాల మీదే పడుతుంది. మైదానం ఎంత, ఒక జట్టులో ఎందరు, బంతి ఏ సైజు, ఎవరు ఎంతసేపు ఆడాలి అనే నిర్ణయాలు ఏ కోచ్ నోరు తెరవకముందే పిల్లలకు ఒక రకమైన ఆటను నేర్పేస్తాయి. వాటికి పైసా ఖర్చు లేదు.

ఈ మాట తెలుగు నేలకు కొత్త కాదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం అందించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉపాధ్యాయుడు. 1943 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. ఆయన బలహీనమైన కాలితోనే ఆడాలని ఒక పోటీ, డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడిపిస్తూ ప్రత్యర్థిని దాటడం) చేయకూడదని ఒక పోటీ పెట్టించారు. కుడికాలి వాటం ఉన్న కుర్రాడికి ఎడమకాలు వాడమని వందసార్లు చెప్పే బదులు, ఎడమకాలు వాడితే తప్ప గెలవలేని పోటీలో దించారు. పోటీ నియమంలోనే పాఠాన్ని పెట్టిన ఆ దూరదృష్టిని మన జిల్లా టోర్నమెంట్లు ఎందుకు వారసత్వంగా తీసుకోలేదో అర్థం కాదు.

ఇప్పుడు మైదానం సంగతి. పెద్దల మైదానం సుమారు 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. గోల్ పోస్టు 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. ఐదో తరగతి పిల్లవాడు చేతులెత్తి ఎగిరినా ఆ అడ్డుకమ్మీ అందదు. కాబట్టి పదేళ్ల పిల్లల్ని ఆ మైదానంలో పదకొండేసి మందిగా దించితే ఆట ఒకే దారి పడుతుంది. బలంగా తన్నగలిగిన కుర్రాడు దూరం నుంచి ఎత్తుగా కొడతాడు, బంతి గోల్‌కీపర్ తల మీదుగా లోపల పడుతుంది. పెద్దలు చప్పట్లు కొడతారు. మిగతా ఇరవై మంది బంతి వెనక పరుగెత్తి అలసిపోతారు. ఆ జట్టు కప్పు గెలవవచ్చు. ఫుట్‌బాల్ మాత్రం నేర్చుకోలేదు.

లెక్క వేసి చూస్తే తేడా ఇంకా స్పష్టం. నలభై నిమిషాల మ్యాచ్‌లో బంతి క్షణమైనా ఆగకుండా, అందరికీ సమానంగా అందిందనుకున్నా, 22 మందిలో ఒక్కొక్కరి వాటా రెండు నిమిషాల కన్నా తక్కువ. ఐదుగురేసి ఆడే ఇరవై నిమిషాల మ్యాచ్‌లో ఆ వాటా సరిగ్గా రెండు నిమిషాలు. అంటే సగం సమయంలో అంతకన్నా ఎక్కువ బంతి. పైగా చిన్న మైదానంలో బంతి ఎప్పుడూ దగ్గరలోనే ఉంటుంది కనుక మూలన నిలబడి కాలక్షేపం చేసే వీలు ఏ పిల్లవాడికీ ఉండదు. జర్మనీ ఫుట్‌బాల్ సమాఖ్య 2024-25 సీజన్ నుంచి చిన్నపిల్లల విభాగాల్లో చిన్న జట్లు, చిన్న గోల్ పోస్టులతో ఆడే పద్ధతిని దేశమంతటా తప్పనిసరి చేసింది. బెల్జియం అంతకన్నా చాలా ముందే ఇద్దరితో మొదలుపెట్టి ఐదుగురికి, ఎనిమిది మందికి పెంచుకుంటూ పోయే వరుసను పాటిస్తోంది. మన దేశంలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో తెచ్చిన గోల్డెన్ బేబీ లీగ్‌లదీ ఇదే దారి. పన్నెండేళ్ల వరకు పిల్లలకు చిన్న జట్లు, చిన్న మైదానాలు. క్లబ్బే కానక్కరలేదు, బడి అయినా స్వచ్ఛంద సంస్థ అయినా లీగ్ నడపవచ్చు.

పెద్ద మైదానం ఒక్కటి దొరికితే దాని వెడల్పు వెంబడి 40 మీటర్లు, పొడవు వెంబడి 25 మీటర్లు చొప్పున నాలుగు చిన్న మైదానాలు గీయవచ్చు. నలభై మంది ఒకేసారి ఆడతారు. వెడల్పులో ఇంకా 28 మీటర్లు మిగులుతుంది, అక్కడ నీళ్ల క్యాన్లు, పందిరి, తల్లిదండ్రులు. సున్నం, కోన్లు, మూడు మీటర్ల వెడల్పున పాతిన వెదురు కర్రలు చాలు. పదేళ్లలోపు వారికి నాలుగో సైజు బంతి, మరీ చిన్నవారికి మూడో సైజు. ఐదుగురి ఆటలో ఆఫ్‌సైడ్ (ఎదుటి జట్టు రక్షకులను దాటి గోల్ దగ్గర ముందే కాచుకుని బంతి అందుకోకూడదనే నియమం) అక్కరలేదు, అందువల్ల లైన్ రెఫరీలూ అక్కరలేదు. పదో తరగతి, ఇంటర్ చదివే సీనియర్ ఆటగాళ్ల చేతికి విజిల్ ఇస్తే మ్యాచ్ సాగిపోతుంది. వారికి ఆటను బయటి నుంచి చూడటం అలవడుతుంది. ఆ వయసులో రెఫరీగా తిట్లు తిన్న కుర్రాడు తర్వాత రెఫరీ మీద అరవడం తగ్గిస్తాడు.

ఎనిమిది జట్లు ఉంటే నాలుగు చిన్న మైదానాల మీద ఒక రౌండ్ మొత్తం ఒకేసారి ముగుస్తుంది. ఒక ఆదివారం పొద్దున రెండు రౌండ్లు పెట్టినా గంటన్నరకు మించదు. ఒక్కో జట్టుతో రెండేసి సార్లు ఆడే లీగ్, అంటే జట్టుకు 14 మ్యాచ్‌లు, ఏడు ఆదివారాల్లో పూర్తవుతుంది. జతలు కుదర్చడం కష్టమనే భయం ఉంటే చిట్కా పాతదే. ఎనిమిది పేర్లను ఎదురెదురుగా రెండు వరుసల్లో రాసి, ఒక పేరును కదలకుండా ఉంచి, మిగతా ఏడింటినీ ప్రతి రౌండ్‌కూ ఒక్కో స్థానం తిప్పుతూ పోతే ఏడు రౌండ్లలో అందరూ అందరితో తలపడతారు. జట్లు ఏడే ఉంటే ఎనిమిదో పేరు స్థానంలో విశ్రాంతి అని రాస్తే సరి.

ఎవరు ఎంతసేపు ఆడాలి

పిల్లల లీగ్‌లో అన్నిటికన్నా ఎక్కువ గొడవ తెచ్చే నియమం, అన్నిటికన్నా విలువైన నియమం ఒకటే. వచ్చిన ప్రతి పిల్లవాడూ కనీసం సగం మ్యాచ్ ఆడాలి. కోచ్ విచక్షణకు వదిలేస్తే ఇది జరగదు. ఒక గోలు వెనకబడగానే మంచి కోచ్‌కైనా చేయి ఆగదు, తన ఐదుగురు గట్టి ఆటగాళ్లనే మైదానంలో ఉంచేస్తాడు. అందుకే నియమంలోనే రాసి పెట్టాలి. ఎనిమిది మంది జట్టులో పది నిమిషాలకోసారి విజిల్ వేసి మార్పించడం తేలిక పద్ధతి. మార్పు నిర్వాహకుడి చేతిలో ఉంటుంది కనుక కోచ్ మీద ఎవరూ నింద వేయరు.

గోల్‌కీపర్ విషయంలోనూ ఇంతే. బొద్దుగా ఉన్నవాణ్నో, పరుగులో వెనకబడినవాణ్నో పోస్టు మధ్య నిలబెట్టి మూడేళ్లు అక్కడే ఉంచడం మన బడుల్లో మామూలు. పన్నెండేళ్లు వచ్చేదాకా ప్రతివారూ వంతులవారీగా గోల్‌లో నిలబడాలి. పిల్లవాడు ఏ స్థానానికి పనికొస్తాడో పదేళ్లకే తేల్చడం పూత చూసి దిగుబడి లెక్కకట్టడం లాంటిది.

తేడా మరీ పెరిగిన మ్యాచ్‌ల సంగతీ ముందే ఆలోచించాలి. 11-0 స్కోరు గెలిచినవారికి ఏమీ నేర్పదు, ఓడినవారిని ఇంటికి పంపిస్తుంది. నాలుగు గోల్స్ తేడా రాగానే వెనకబడిన జట్టు ఒక ఆటగాణ్ని అదనంగా దించుకోవచ్చనే నియమం చాలా చోట్ల వాడుకలో ఉంది. ఆట మళ్లీ సమంగా మారుతుంది. ముందున్న జట్టుకూ ఒకరు తక్కువైన పరిస్థితిలో ఎలా ఆడాలో నేర్చుకునే అవకాశం వస్తుంది. ఇంగ్లండ్‌లో అండర్ 11 వరకు లీగ్ ఫలితాలను, పట్టికలను ప్రచురించరు. పిల్లలు స్కోరు లెక్క పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వాలి, గెలవాలనే పట్టుదల మంచిదే. పట్టికను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతూ పరువు ప్రతిష్ఠల సమస్యగా మార్చేది పెద్దలు. దాన్ని ఆపడానికే ఆ నిబంధన.

నగదు బహుమతి మీద కూడా గట్టి నిర్ణయం కావాలి. నగదు ఉన్న చోట వయసు మోసం తప్పదు. ఇది మన ప్రాంతానికే ప్రత్యేకమైన జబ్బు కాదు గానీ, మన దగ్గర దానికి సందు ఎక్కువ. బడిలో చేర్చిన రోజున అందాజుగా రాసిన పుట్టిన తేదీలు నిన్నమొన్నటి దాకా మామూలే. తర్వాత ఆధార్ కార్డు మీదకూ అదే తేదీ ఎక్కింది. జాతీయ స్థాయిలో ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి టీడబ్ల్యూ3 పద్ధతిలో ఎముకల వయసు అంచనా వేస్తారు. అది కూడా ఎముకల ఎదుగుదలనే చెబుతుంది, పుట్టిన తేదీని చెప్పదు. ఒకే రోజున పుట్టిన ఇద్దరి ఎముకల వయసులో ఏడాదికి పైగా తేడా ఉండవచ్చు. మండల లీగ్‌లో ప్రతి పిల్లవాడి మణికట్టుకూ ఎక్స్‌రే తీయించడం కుదిరే పని కాదు, అవసరమూ లేదు. మోసానికి కారణాన్ని తీసేస్తే చాలావరకు మోసం పోతుంది. గెలిచిన జట్టుకు ఇచ్చే నగదుతో, చివరిదాకా ఆడిన ప్రతి జట్టుకూ రెండు బంతులు ఇవ్వవచ్చు. ముగింపు సభ షామియానా, శాలువాలు, ఫ్లెక్సీలు మానుకుంటే ఇంకొన్ని బంతులు వస్తాయి.

నిజాయితీగా వయసు రాసినా సమస్య పూర్తిగా తీరదు. జనవరి 1ని గడువుగా పెట్టుకుంటే జనవరిలో పుట్టిన పిల్లవాడూ డిసెంబరులో పుట్టిన పిల్లవాడూ ఒకే విభాగంలో పడతారు. తొమ్మిదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే ఎత్తు, బలం, పరుగు అన్నిటిలో తేడా. పెద్దవాడు ఎంపికవుతాడు, మంచి శిక్షణ పొందుతాడు, దాంతో నిజంగానే మెరుగవుతాడు. చిన్నవాడు ప్రతిభ లేదనిపించుకుని తప్పుకుంటాడు. 1980ల్లో కెనడా ఐస్ హాకీ జట్లలో బయటపడిన ఈ ధోరణి తర్వాత ఐరోపా ఫుట్‌బాల్ అకాడమీల్లోనూ కనిపించింది. కౌమారం వచ్చేసరికి ఇది మరింత తీవ్రం. కొందరికి పన్నెండేళ్లకే మీసాలు మొలుస్తాయి, కొందరికి పదిహేనేళ్లకు గానీ ఎదుగుదల మొదలుకాదు. ఇంగ్లండ్ అకాడమీల్లో కొన్నిసార్లు వయసును పక్కనపెట్టి శరీర ఎదుగుదలను బట్టి జట్లు కట్టి ఆడిస్తున్నారు. మన లీగ్‌లో సీజన్‌కు రెండు ఆదివారాలు ఎత్తు ప్రకారం జట్లు కలిపి ఆడించినా చాలు, అంతదాకా కనిపించని పొట్టి పిల్లల నేర్పు బయటపడుతుంది.

ఎండ, వేరుశనగ, వలస

పాత అనంతపురం జిల్లా 19,130 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో, 63 మండలాలతో రాష్ట్రంలోనే పెద్దది. 2022 ఏప్రిల్ 4న శ్రీసత్యసాయి జిల్లా విడిపోయాక కూడా దూరాలు చిన్నవి కాలేదు. పదేళ్ల పిల్లలకు జిల్లా లీగ్ అనే మాటే పొరపాటు. గుంతకల్లు, తాడిపత్రి, కళ్యాణదుర్గం, ఉరవకొండ, ధర్మవరం, కదిరి, హిందూపురం వంటి కేంద్రాల చుట్టూ ఏ జట్టూ అరగంటకు మించి ప్రయాణించనక్కరలేని చిన్న లీగ్‌లు కావాలి. లీగ్‌ను చంపేది ఎక్కువగా రవాణా ఖర్చే. మొదటి నెల ఉత్సాహంతో ఆటోలు మాట్లాడుకుంటారు, రెండో నెలలో జట్లు రావడం మానేస్తాయి. అన్ని కేంద్రాల పిల్లలూ ఒక చోట కలిసే రోజు సీజన్ చివర ఒక్కటి ఉంటే సరిపోతుంది, అదీ ఓడితే బయటికి పంపే రోజు కాకుండా రోజంతా అందరూ ఆడే రోజుగా.

ఎప్పుడు ఆడాలన్నది వాతావరణమూ పొలమూ కలిసి నిర్ణయిస్తాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వర్షం పడే ఈ ప్రాంతంలో పచ్చిక మైదానం ఊసు ఎత్తకపోవడం మేలు. నీళ్లు చల్లి, రాళ్లు ఏరి, చదును చేసిన ఎర్రమట్టి నేల చాలు. తాడిపత్రి వైపు నల్లరేగడి నేలలు వానకు బురద, ఎండకు పగుళ్లు. అక్టోబరు, నవంబరుల్లో వేరుశనగ పీకే పనులు, వాటికి అటూ ఇటూగా స్కూల్ గేమ్స్. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక పగటి ఎండ నలభై డిగ్రీల వైపు పోతుంది. అందుచేత నవంబరు చివరి నుంచి మార్చి మధ్య వరకు సరైన కాలం. ఏడు ఆదివారాల లీగ్ ఒకటి సంక్రాంతికి ముందు, మరొకటి సంక్రాంతి సెలవుల తర్వాత. వేసవి సెలవుల్లో పోటీలు పెట్టకూడదు. ఆ రోజుల్లో తెల్లవారుజామున జరిగే శిక్షణ శిబిరాలు చాలు, ఎనిమిది కల్లా పిల్లలు నీడకు చేరాలి.

సీజన్‌ను రెండుగా విడగొట్టడానికి ఇంకో కారణం ఉంది. పంట పోయిన ఏడు ఎన్నో కుటుంబాలు బెంగళూరుకు పని వెతుక్కుంటూ పోతాయి, పిల్లలు కొందరు వెంట వెళ్తారు, కొందరు అవ్వాతాతల దగ్గర మిగులుతారు, కొందరు పండుగకు వచ్చి ఉండిపోతారు. సీజన్ మొదట్లోనే జట్ల పేర్లు మూసేసే లీగ్ ఈ పిల్లల్ని వదిలేస్తుంది. జట్టును కాకుండా పిల్లవాణ్ని నమోదు చేసుకునే పద్ధతి ఇక్కడ సరిపోతుంది. సంక్రాంతి తర్వాత కొత్తగా వచ్చినవారిని కలుపుకుని, బలాబలాలు చూసి జట్లను మళ్లీ కట్టాలి. ఊరి పేరు మీద జట్టు ఉండాలనే పట్టుదల కాస్త సడలించుకుంటే అగ్రవర్ణాల వీధి, కాలనీ అనే గీత దాటి పిల్లలు ఒకే రంగు బనియన్ వేసుకునే వీలూ కలుగుతుంది. రాయలసీమ పల్లెలో ఇది చిన్న విషయం కాదు.

బడి ఉన్న రోజున మధ్యాహ్న భోజనంలో గుడ్డు, వేరుశనగ చిక్కీ దొరుకుతాయి. ఆదివారం బడి లేదు. చాలామంది పిల్లలు ఖాళీ కడుపుతో మైదానానికి వస్తారు. రెండో మ్యాచ్‌లో పరుగు మందగించిన పిల్లవాణ్ని బద్ధకస్తుడని తిట్టేముందు పొద్దున ఏం తిన్నాడో అడగడం కోచ్ బాధ్యత. ఉడికించిన వేరుశనగలు, అరటిపండు, రాగిజావ, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు లీగ్ బడ్జెట్‌లో బంతుల పక్కనే ఉండాలి.

బూట్ల సంగతి కూడా నియమంలో రాయవలసిందే. వట్టికాళ్లతో ఆడే పిల్లల మధ్య ఒకడు అడుగున గట్టి బుడిపెలు (స్టడ్స్) ఉన్న బూట్లు వేసుకుంటే మిగతావారి పాదాలకు ప్రమాదం. పన్నెండేళ్లలోపు అందరికీ వట్టికాళ్లో, లేకపోతే అందరికీ మామూలు క్యాన్వాస్ బూట్లో ఏదో ఒకటి. గరుకు నేల మీద జారి అడ్డుకోవడాన్ని పూర్తిగా నిషేధించాలి. తలతో బంతి కొట్టడం కూడా ఈ వయసులో మానిపించవలసినదే. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లోనే పదేళ్లలోపు పిల్లలకు దాన్ని నిషేధించింది.

ఎత్తు వేగంగా పెరిగే పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య మోకాలి చిప్ప కింద నొప్పి, మడమ నొప్పి చాలా మామూలు. మోకాలి కింద వచ్చేదాన్ని వైద్యులు ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. విశ్రాంతితో, భారం తగ్గించడంతో తగ్గేదాన్ని ఓర్చుకుని ఆడమనడం ముదరబెట్టడమే. మూడు నెలలకోసారి గోడ మీద గీత గీసి ఎత్తు కొలిస్తే ఎవరు వేగంగా పెరుగుతున్నారో తెలుస్తుంది, వారికి ఆ నెలల్లో పరుగులు తగ్గించవచ్చు. ఫిఫా రూపొందించిన 11 ప్లస్ కిడ్స్ సన్నాహక వ్యాయామాలకు పావుగంటా ఇరవై నిమిషాలు పడుతుంది. ఒంటికాలి మీద నిలకడ, సరిగా దూకి దిగడం, పడినప్పుడు ఒళ్లు దొర్లించడం అందులో ఉంటాయి. క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు దాదాపు సగానికి తగ్గాయని పరిశోధనల్లో తేలింది. దీనికి ఏ పరికరమూ అక్కరలేదు.

ఏడో తరగతి తర్వాత అమ్మాయిలు

పన్నెండేళ్ల దాకా అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి ఆడవచ్చు, ఆడాలి కూడా. ఆ తర్వాతే అమ్మాయిలు హఠాత్తుగా మాయమవుతారు. ఆసక్తి తగ్గిందనేది పెద్దలు చెప్పుకునే సాకు. మైదానంలో మరుగుదొడ్డి ఉండదు, బట్టలు మార్చుకునే గది ఉండదు, ఆట ముగిసేసరికి చీకటి పడుతుంది, వెంట వచ్చే మహిళ ఉండదు, పొట్టి నిక్కర్ల మీద ఊళ్లో మాటలు. వీటిలో ఊళ్లో మాటలు తప్ప మిగతావన్నీ నిర్వాహకులు సరిచేయగలిగినవే. పూర్తి పొడవు ట్రాక్ ప్యాంటును అనుమతిస్తే ఆ చివరిదాని పదునూ తగ్గుతుంది.

ఇక్కడ జిల్లాకు చేతిలోనే ఒక అవకాశం ఉంది. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, సంక్షేమ గురుకులాల్లో వందలాది అమ్మాయిలు ప్రాంగణంలోనే ఉంటారు. సాయంత్రం బస్సు పట్టుకోవాలన్న తొందర లేదు, తినడానికి ఉంది, బాధ్యత వహించే ఉపాధ్యాయినులు ఉన్నారు. ఒక్కో విద్యాలయంలోనే ఎనిమిది జట్లు కట్టి వారానికి రెండు సాయంత్రాలు లోపలి లీగ్ నడపవచ్చు. రవాణా ఖర్చు సున్నా. నెలకోసారి పక్క మండలం విద్యాలయంతో ఆటలు. బాలికల ఫుట్‌బాల్‌కు ఇంతకన్నా తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద పునాది మరెక్కడా దొరకదు. రక్తహీనత ఎక్కువగా ఉన్న వయసు కనుక ఐరన్ మాత్రలు సరిగా అందుతున్నాయో లేదో ఆ లీగ్ రిజిస్టర్‌లోనే రాసుకోవచ్చు.

పిల్లల భద్రత గురించి మొహమాటం పనికిరాదు. బయట ఊళ్లకు జట్టును తీసుకెళ్లేటప్పుడు ఇద్దరు పెద్దలు తప్పనిసరి, అమ్మాయిలు ఉంటే వారిలో ఒకరు మహిళ. ఏ పెద్దవారూ ఒక పిల్లవాడితో గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఫిర్యాదు ఎవరికి చేయాలో పిల్లలకు ముందే తెలియాలి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటి నేరం తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. కోచ్‌కు ఎంత పేరున్నా ఈ నియమాలు సడలకూడదు.

మైదానం గీత బయట అరిచే పెద్దల నోరు కట్టడి చేయడమూ లీగ్ పనే. కొట్టు, వదిలెయ్, పాస్ ఇవ్వు అంటూ ముగ్గురు మూడు వైపుల నుంచి కేకలు వేస్తుంటే పిల్లవాడు బంతిని చూడటం మాని గొంతులను వింటాడు. తొమ్మిదేళ్లవాడు ముగ్గుర్ని దాటించబోయి బంతి పోగొట్టుకున్నా నష్టం లేదు, అలా వందసార్లు పోగొట్టుకున్నవాడికే పదిహేనేళ్లకు ఆ నేర్పు ఒంటబడుతుంది. ఇక వ్యాయామ ఉపాధ్యాయులు, పాత ఆటగాళ్లు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే ప్రాథమిక స్థాయి కోచింగ్ లైసెన్సు తీసుకునేలా లీగ్ డబ్బు కట్టి పంపితే ఆ ఖర్చు ఏళ్ల తరబడి ఉపయోగపడుతుంది.

పదమూడు దాటాక జట్టుకు తొమ్మిది మంది, ఆ తర్వాత పదకొండు మంది. ఆఫ్‌సైడ్, స్థానాలు, పట్టిక అన్నీ అప్పుడు రావచ్చు. ఎంపికలూ అప్పుడే. ఆంధ్రప్రదేశ్ నుంచి ఇండియన్ సూపర్ లీగ్‌లో జట్టు లేదు, ఫుట్‌బాల్‌తో బతుకు వెళ్లదీసే అవకాశం ఇక్కడ చాలా తక్కువ మందికే. ఆ సంగతి పిల్లలకూ తల్లిదండ్రులకూ దాచకుండా చెప్పాలి, చదువును వెనక్కి నెట్టే ఏ అకాడమీ మాటా నమ్మవద్దనీ చెప్పాలి. ఎంపికకు వచ్చేవారు ఒక్క పొద్దున అరగంట చూసి తేల్చే పద్ధతి మానాలి. లీగ్ రిజిస్టర్ వారి చేతికివ్వాలి. ఎన్ని ఆదివారాలు వచ్చాడు, ఎన్ని నిమిషాలు ఆడాడు, ఏ నెలలో పుట్టాడు, ఈ ఏడాది ఎంత ఎత్తు పెరిగాడు, గోల్‌లో ఎన్నిసార్లు నిలబడ్డాడు, ఏ కాలు వాడతాడు అన్నవి అందులో ఉంటాయి. ఎంపిక కాని పిల్లవాడి పేరు మరుసటి ఆదివారం జాబితాలోనూ ఉండాలి.